అరుగు కొట్టేసి కట్టిన ఇళ్లు

ఉద్దానంలో ఏ జబ్బు మాటొచ్చినా మన వేలు ముందు నీటి మీదికే పోతుంది. తప్పులేదు. కిడ్నీ రోగం ఇన్ని గడపలు తొక్కాక నీరు, మందు, డయాలసిస్ గురించి కాక ఇంకేం అడుగుతాం? అడిగాం, కొంత సాధించుకున్నాం కూడా. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. హిరమండలం నుంచి వంశధార నీరు పైపుల్లో వచ్చింది. ఏ ప్రభుత్వాన్నీ అడగక్కర్లేనిది, పూర్తిగా మన చేతిలో ఉన్నది ఇల్లు. దాన్ని మనమే పాడుచేసుకున్నాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస నేలకూలాయి. కమ్మల ఇళ్లు లేచిపోయాయి. ఆ తర్వాత శ్లాబు కావాలనుకోవడం దర్జా కోసం కాదు, ప్రాణభయంతో. అయితే అరుగు కొట్టేయమని, పెరట్లోకి దారి మూసేయమని తుపాను చెప్పలేదు. పాత వరస ఇంట్లో వీధరుగు, సావిడి, వంటిల్లు, పెరడు, నుయ్యి ఒకే గీత మీద ఉండేవి. ముసలమ్మ పొద్దున లేచి నూతి దాకా వెళ్లి మళ్లీ అరుగు మీదికి వచ్చేసరికి బోలెడు నడక. ఇప్పుడు మంచం, స్నానాలగది, టీవీ పదడుగుల్లో ఇమిడిపోయాయి.

ఇంటి ముందు మెట్లు చూడండి. వరద భయానికి పునాది ఎత్తు పెంచాం, సరే. మెట్లకి నున్నటి గ్రానైట్ పరిచాం. పట్టుకోడానికి మాత్రం ఒక పైపు ముక్క కూడా పెట్టలేదు. వానాకాలంలో ముసలాళ్లు గోడకి అరచేయి ఆనించి, పక్కకి తిరిగి, ఒక్కో కాలూ దింపుతారు. ఒకసారి జారితే ఇక దిగరు. గేటుకి సింహాల బొమ్మలకి డబ్బుంది, కమ్మీకి లేకపోయింది. పైన పిల్లల కోసం వేసిన అంతస్తుకి తాళం. వాళ్లు గల్ఫ్‌లోనో సైన్యంలోనో ఉంటారు. మెట్ల కింద కొబ్బరికాయల గుట్ట.

రోలూ రోకలీ పోయాయని ఏడ్చేవాళ్లలో నేను లేను. ఆ వ్యాయామమంతా ఆడవాళ్ల నడుం మీదే జరిగింది. మనం అరుగు మీద కూర్చుని మెచ్చుకున్నాం. మిక్సీ వచ్చింది, మంచిదే. ఆ మిగిలిన పొద్దు వాళ్ల చేతికి దక్కిందా? జీడి ఫ్యాక్టరీలో రోజంతా కూర్చుని పిక్కలు ఒలిచి ఇంటికొచ్చిన మనిషికి మన కంచం కూడా అప్పగించాం. పలాసలోనూ టెక్కలిలోనూ పొద్దున్నే గ్రౌండ్‌లో నడిచే మగాళ్లకి ఇంట్లో లేచి మంచినీళ్లు ముంచుకోవడం బరువు.

ఇల్లు మార్చితే కిడ్నీ రోగం పోతుందని అనడం లేదు. ఇక్కడి రోగానికి మూలమే ఇంకా తేలలేదు. కానీ బీపీ, షుగరు కిడ్నీల్ని దెబ్బతీస్తాయని ప్రతి ఆశా కార్యకర్తా చెబుతుంది. ఆ రెండింటినీ అదుపులో పెట్టేవాటిలో నడక ఒకటి. పదేసి నిమిషాలకి తగ్గకుండా కదిలితేనే లెక్క అనే పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. పెద్దలకి వారానికి కనీసం 150 నిమిషాలు, ఎంత చిన్న కదలికైనా లెక్కే. అంటే పెరట్లో కరివేపాకు కోసం వెళ్లిరావడమూ లెక్కే. మనం పెరటికి గచ్చు చేసి కరివేపాకు సంతలో కొంటున్నాం. డయాలసిస్ చేయించుకుని వచ్చిన మనిషికి, డాక్టరు సరేనన్నాక, నీడలో నాలుగడుగులు వేసే చోటు వీధిలో ఎక్కడుంది?

జాగా లేదంటాం. గ్రామాల్లో ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నరలో పెరడు పట్టదు, నిజమే. మరి సొంత జాగాలో కట్టుకున్నవాళ్ల సంగతి? మొన్న ఒక కొత్త పునాదికి ముగ్గు పోస్తూ మేస్త్రి అడిగాడు: ‘అరుక్కి జాగా వదిలీమంటారేటి బాబూ?’ చుట్టూ నిలబడ్డ పెద్దలం అందరం ఒకే మాట అడిగాం, కారు పడుతుందా అని. ఆ వీధిలో ఇప్పటికి కారున్నవాళ్లు ఎవరూ లేరు.