ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం మీదికొస్తుంది

కార్తీకం వస్తోందంటే, అయ్యప్ప మాల వేసుకుంటే మందు మానేస్తాడన్న ఆశతో ఎందరో ఇల్లాళ్లు భర్తల్ని బతిమాలి గురుస్వామి దగ్గరికి పంపుతారు. ఆ ఆశను తప్పుపట్టలేం. దీక్షతో మొదలుపెట్టి మళ్లీ సీసా ముట్టనివాళ్లూ ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు, పొద్దున్నే గొంతులో క్వార్టర్ పడితే గానీ చేతుల వణుకు ఆగనివాడు డాక్టరుకు చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపేస్తే చనిపోయే ప్రమాదం ఉంది. ఇది తెలియక, మాన్పించాలన్న తాపత్రయంతోనే మనుషుల్ని గదిలో పెట్టి గొళ్లెం వేస్తున్నారు.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగినా ఆ వేగం తగ్గదు. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది. పగలో రాత్రో తెలియదు, పెళ్లాం బిడ్డల్ని గుర్తుపట్టడు, ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటాడు, గోడకేసి చూసి కేకలేస్తాడు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఊళ్లో మాత్రం గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఆ తిరుగుడులోనే వైద్యం అందాల్సిన సమయం కాస్తా దాటిపోతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్ల తాకిడి పెరిగింది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఇదే చూశాం. అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లకు అది దొరకని రోజు అచ్చం ఇవే లక్షణాలు వస్తాయి. కల్లే కదా అనుకోవద్దు.

వణుకుతున్నాడు, నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ పెట్టిస్తుంటారు. బాగా తాగేవాళ్ల ఒంట్లో థయామిన్ అనే బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌కు ముందో, కనీసం దానితోపాటో ఆ విటమిన్ ఇంజెక్షన్ పడకపోతే మెదడు దెబ్బతిని చూపు చెదరడం, అడుగు తడబడటం, జ్ఞాపకం శాశ్వతంగా పోవడం జరగొచ్చు. ఆ ఇంజెక్షన్ ఇస్తున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. నిద్రమాత్రలు మెడికల్ షాపులో మీరే కొనివ్వొద్దు. పైన మద్యం కూడా పడితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇంకో ప్రమాదం గోడల మీద, బస్టాండుల్లో అంటించి కనిపిస్తుంది: తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి మందు మాన్పించండి అని, కింద ఒక ఫోన్ నంబరు. ఆ పొడిలో ఏముందో ఎవరూ చెప్పరు. డైసల్ఫిరామ్ అయితే, అది తిన్నట్టు తెలియని మనిషి తాగొచ్చాక ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉంటే ప్రాణమే పోవచ్చు. ఆ మందు రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా వాడాల్సింది. కూరలో కలిపేది కాదు.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. వైద్యం లేక కాదు. ఎర్రగడ్డలో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో చూస్తారు. మొదటి వారం మందులతో ఒళ్లు కుదుటపరుస్తారు. తర్వాత నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులతో, కౌన్సెలింగ్‌తో నెలల తరబడి వెన్నంటి ఉంటారు. మధ్యలో మళ్లీ తాగితే వైద్యం దండగైందని కాదు, మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరులో చేర్చేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమనండి. రాత్రి డాక్టరు ఎవరుంటారో, మనిషిని చూడనిస్తారో లేదో అడగండి. గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం. కొట్టి మాన్పిస్తామనే చోట మీవాణ్ని ఒక్క పూట కూడా ఉంచకండి.

రోజూ తాగేవాడు తాగడం ఆపి ఇప్పటికే ఒకటి రెండు రోజులై, మీ ఇంట్లో వణుకుతూ పడుకుని ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. రోజూ ఎంత తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో దాచకుండా డాక్టరుకు చెప్పండి.