కార్డు చేతనున్నను పెట్టె పరాధీనము

కుందలహళ్ళి తెలుగు కుటుంబములలో బజారు భాష కన్నడము, కచేరీ భాష ఇంగ్లీషు. పిల్లల చెవిని నాలుగు తెలుగు మాటలు పడుటకు పెద్దల సంభాషణ తరువాత టెలివిజనే దిక్కు. బెంగుళూరున కేబులు ప్రసారములు డిజిటలు కావలసిన గడువు 2013 మార్చి 31. ఆ మార్పుతో పలు పెట్టెలు కార్డు లేనిదే పలుకవయ్యెను. 2019 నుండి కోరిన ఛానళ్ళనే విడిగా ఎంచుకొను వీలు కలిగినది. మనబోటి అల్పసంఖ్యాకులకు అది మేలే. అయినను కేబులువానిని మార్చినచో పెట్టెయు మార్చవలసినదే. అంగడిలో కిలో రాయి ఏ త్రాసున వేసినను కిలోయే గదా!

మన యువకులు కొందరు లినక్సు రిసీవరునకు సీరియల్ కార్డు రీడరు తగిలించి, తాము చందా కట్టిన కార్డును చదివించుచున్నారు. ఇందు మాయ లేదు. రిసీవరు వెనుక సీరియల్ రంధ్రమున్నచో దాని పేరు సాధారణముగా టిటివైఎస్0, యు.ఎస్.బి. మార్పిడి తీగ ద్వారా కలిపినచో టిటివైయుఎస్‌బి0. ఆ పేరును, రీడరు గడియారపు వేగమును సాఫ్ట్‌వేరునకు సరిగా తెలుపవలెను. 3.57 మెగాహెర్ట్జ్ గడియారమైనచో, ఒక్కొక్క బిట్టునకు 372 స్పందనల చొప్పున, కార్డు తొలి జవాబు సెకనుకు 9600 బిట్ల వేగమున వచ్చును. రీడరు 6 మెగాహెర్ట్జ్‌దై యుండగా 3.57 అని వ్రాసినచో వచ్చునది అర్థము లేని గలగలయే. ఆ రంధ్రమును వేరొక ప్రోగ్రాము పట్టుకొని యున్నను పని సాగదు. కొన్ని కార్డులు తమ పెట్టెతో జతకట్టబడి యుండును. అవి ఇంకెక్కడను పనిచేయవు. చందా షరతులు ముందుగా చదువుట మరువరాదు.

ఇక అసలు మాట. ఒక్క కార్డును నెట్‌వర్కు ద్వారా పలు ఇండ్లకు పంచుదమని కొందరి సలహా. నేను దీనికి సమ్మతింపను. చట్టవిరుద్ధమన్నది ఒక కారణము. వర్తకునిగా నాకు తోచు కారణము వేరు: నలుబది ఇండ్లు ఒక్క చందాతో చూచినచో, ఈ పేటలో తెలుగు ఛానలు కోరువారు ఒక్కరేయని లెక్క తేలును. లెక్కకు రాని వారికి ఎవరు సరకు తెత్తురు?

2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సంస్థ, ఏ కేబులు సంస్థ ప్రసారమైనను ఒకే పెట్టెతో చూడగలుగునట్లు చేయవలెనని కేంద్ర ప్రభుత్వమునకు సిఫారసు చేసినది. దానిని పూర్తిగా అమలుపరచుడని మన సంఘము మహజరు పంపవలెను. కన్నడ సోదరులును ఇదే చిక్కున నున్నారు. వారి సంతకములును కోరుదము. రీడరు అమర్చుట నేర్వదలచినవారు తమ కార్డుతోనే రావలయును.