పాత పికప్‌కు కొత్త ప్రాణం

ఇంజన్ చెడిన పాత పికప్ ట్రక్కును తుక్కుకు అమ్మివేయక, దానికి విద్యుత్ మోటారును ఇంటివద్దనే అమర్చుకునే ఔత్సాహికులు అమెరికాలో దశాబ్దాలుగా ఉన్నారు. షెవర్లే సంస్థ 1997లో ఎస్-10ను, ఫోర్డ్ సంస్థ 1998లో రేంజర్‌ను విద్యుత్ వాహనాలుగా పరిమిత సంఖ్యలో తయారుచేశాయి. ప్రవాస తెలుగు కుటుంబాలు ఈ పనికి పూనుకోదలిస్తే, డబ్బు ఆదాను ఆశించి కాక, విద్యను ఆశించి పూనుకోవడం వివేకం. సొంత శ్రమకు వెలకడితే ఇందులో లాభం మిగలడం కష్టం.

అసలు చిక్కు మోటారులో లేదు, బ్యాటరీలో ఉంది. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్ అవర్ల శక్తి ఉండగా, కిలో సీసపు బ్యాటరీలో 35 మాత్రమే ఉంటుంది. గోల్ఫ్ బండ్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు 20 కలిపితే 120 వోల్టులు వస్తాయి. బరువు సుమారు 560 కిలోలు. కాగితం మీద 26 యూనిట్లు నిలువ ఉన్నా, బ్యాటరీ ఆయుష్షు కోరేవారు అందులో సగమే వాడాలి. కిలోమీటరుకు పావు యూనిట్ చొప్పున ప్రయాణం 50 కిలోమీటర్లకు పరిమితం.

ఈ లెక్కను మార్చినది రసాయనశాస్త్రం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను బ్యాటరీ పదార్థంగా ప్రకటించింది. ఇందులో ఫాస్ఫరస్, ఆక్సిజన్ల బంధం దృఢమైనది కనుక వేడెక్కినా ఆక్సిజన్ సులభంగా వెలువడదు. అగ్నిప్రమాదపు భయం తక్కువ. అంతే శక్తికి బరువు సగానికి లోపే. అయితే సున్నా డిగ్రీల సెంటీగ్రేడ్‌కు దిగువన దీనిని చార్జి చేస్తే గ్రాఫైట్‌పై లిథియం లోహం పేరుకొని బ్యాటరీ పాడవుతుంది. షికాగో చలిలో ఈ నియమాన్ని మరవరాదు.

ప్రమాదాలు వేరే ఉన్నాయి. ఇంటి కరెంటు క్షణక్షణం సున్నాను దాటుతుంది కనుక స్విచ్చి వద్ద పుట్టిన మెరుపు త్వరగా ఆరుతుంది. బ్యాటరీల ఏకముఖ విద్యుత్తుకు ఆ గుణం లేదు. దానికి తగిన ఫ్యూజు, కాంటాక్టరు లేనిదే వైరు కలపరాదు. ఇంజన్ తీసివేస్తే బ్రేకులకు సాయపడే వాక్యూం కూడా పోతుంది. వేరొక పంపు పెట్టకపోతే కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లే. మొత్తం బరువు తయారీదారు విధించిన పరిమితిని దాటరాదు. ఈ విషయాలలో అనుభవజ్ఞుల పరిశీలన లేకుండా బండిని రోడ్డెక్కించడం ఇతరుల ప్రాణాలతో చెలగాటం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం నిరుత్సాహపరచడానికి కాదు. ఓమ్ సూత్రాన్ని పరీక్ష కోసం వల్లించి మరచే పిల్లలు ఎందరో ఉన్నారు. సన్నని తీగ ఎందుకు వేడెక్కుతుందో, బరువు పెరిగితే బ్రేకు ఎందుకు చాలదో తల్లిదండ్రులతో కలిసి లెక్కకట్టిన పిల్లలు ఆ పాఠాన్ని అంత సులభంగా మరువరు. ప్రమాదకరమైన తీగలను పెద్దలే కలపాలి. లెక్కలను, కొలతలను, ప్రశ్నలను పిల్లలకు వదలాలి. ఆ ట్రక్కు 50 కిలోమీటర్లే నడిచినా, ఆ విద్య వారిని జీవితమంతా నడిపిస్తుంది.