చైనా చట్టం మన డి-పట్టాలోనే ఉంది

నందివెలుగులో బస్సు కోసం నిలబడ్డాం. తోటి టీచరొకాయన అందుకున్నాడు: "చైనావాడు 2008లో బీజింగ్ - తియాంజిన్ స్పీడు రైలు మొదలెట్టి ఇప్పటికి 40,000 కిలోమీటర్లు దాటించాడు మాస్టారూ. మనవాళ్ళు 2017లో అహ్మదాబాదు బుల్లెట్ రైలుకి శంకుస్థాపన చేస్తే నేల తీసుకోవడానికే 2024 దాకా పట్టింది. ఇక్కడ ప్రతివాడికీ ఆస్తి హక్కే. అదే మన దరిద్రం!"

ఆ 'ప్రతివాడికీ' దగ్గరే నాకు పేచీ.

చైనాలో 1982 రాజ్యాంగం ప్రకారం పట్నం నేల ప్రభుత్వానిది, పల్లె నేల గ్రామ సమష్టిది. రైతుకి ఉండేది సాగు హక్కు. రైలుకో రోడ్డుకో నేల తీసుకుంటే మూడేళ్ళ సగటు పంట విలువ మీద లెక్కగట్టేవాళ్ళు. అది 30 రెట్లు దాటకూడదు. పక్కన మిద్దెలు లేచి నేల బంగారమైనా రైతుకి మాత్రం మొక్కజొన్న లెక్కే. రైతులు ఏళ్ళ తరబడి గొడవపడ్డాక, 2019 సవరణలో ఆ పరిమితి తీసేశారు.

మరి మన దగ్గరో? పట్టా ఉన్న ఆసామికి 300-ఎ అధికరణ ఉంది, 2013 భూసేకరణ చట్టం ఉంది, వకీలు ఉన్నాడు. మాల మాదిగల చేతిలో ఉన్నదేంది? డి-పట్టా. 1977 చట్టం దాన్ని అమ్మకూడదంది, మంచిదే, లేకపోతే ఆ భూమి ఎప్పుడో దొరల పాలయ్యేది. కానీ ఆ కాగితంలోనే ఇంకో షరతుంది. ప్రజా ప్రయోజనానికి కావాలంటే ప్రభుత్వం పరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చట! ఏదన్నా చేతిలో పెడితే దాని పేరు ఎక్స్‌గ్రేషియా. అంటే దయ, హక్కు కాదు. చైనా రైతుకి మొక్కజొన్న లెక్కన్నా ఉంది గదా మాస్టారూ!

ఈ షరతు చెల్లదనీ, అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టాల్సిందేననీ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పేసరికి 2004 వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ళకి.

పోనీ, అక్కడితో తీరిందా? 2015లో అమరావతి భూసమీకరణ నిబంధనలు చూడండి. ఇళ్ళ స్థలం కింద పట్టా ఎకరానికి 1000 గజాలు, అసైన్డ్ ఎకరానికి 800. పక్కపక్క చేలు, ఒకే మట్టి, ఒకే కృష్ణ నీళ్ళు. తేడా కాగితంలోనే. ఆ 200 గజాలు ఏ లెక్కన కోశారో ఒక్క ఆఫీసరన్నా చెప్పాలి.

మేం రోడ్డు వద్దనడం లేదు. కారున్నోడికి బస్సుతో పనేంది? పొద్దున్నే తెనాలికి కూలికీ చదువుకీ పోయేది మన పిల్లలే. రైలూ బస్సూ ఎక్కువ కావాల్సింది మనకే. ఆ దారికి నేలిచ్చే లెక్కలో మనకో తూనిక, ఆసామికో తూనిక ఎందుకని అడుగుతున్నాం, అంతే.

ట్రంకుపెట్టెలో ఉన్న డి-పట్టాలు బయటికి తీయండి. అడంగల్లో ఎవరి పేరుందో చూసుకోండి. తాత పేరే ఉంటే వారసుల పేరు ఎక్కించుకోండి. సర్వే గొలుసు చేలో దిగేదాకా ఆగొద్దు.