నేసిన చేతికి చీర మీద పేరుండాలి

చేనేత సహకార సంఘాల సభ్యులకు, ప్రభుత్వ చేనేత విక్రయ సంస్థల నిర్వాహకులకు, చేనేత వస్త్రాలు కొని కట్టే ప్రజలకు విజ్ఞప్తి

దుకాణంలో ఒక పోచంపల్లి పట్టుచీరను చేతిలోకి తీసుకున్న కొనుగోలుదారుకు దానిమీది ముద్రలు మూడు సంగతులు చెప్పగలవు. 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన హ్యాండ్లూమ్ మార్కు అది చేమగ్గం మీద నేసినదని చెబుతుంది. సిల్క్ మార్కు అందులోని దారం అసలైన పట్టేనని చెబుతుంది. భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు నైపుణ్యం వల్ల పేరుపొందిన సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా 1999 నాటి చట్టం కల్పించిన రక్షణ, అది ఆ ప్రాంతపు సరుకేనని చెబుతుంది. ఎలా నేశారో, దేనితో నేశారో, ఎక్కడ నేశారో తెలిసిన తరువాత కూడా, ఎవరు నేశారన్న సంగతి మాత్రం కొన్నవారి కంట పడదు. కొందరు విక్రేతలు తమంతట తాముగా నేతగాని పేరు అచ్చువేస్తున్నా అది ఇంకా రివాజు కాలేదు. సహకార సంఘాలూ ప్రభుత్వ సంస్థలూ అమ్మే ప్రతి చేనేత వస్త్రం మీద దానిని తయారుచేసినవారి పేర్లూ, వారికి ముట్టిన మజూరీ, అంటే నేతకూ దాని ముందు పనులకూ చెల్లించిన కూలీ, తప్పనిసరిగా ఉండాలన్నది ఈ కరపత్రం కోరుతున్న మార్పు.

ఇది అలంకారం కోసం అడుగుతున్నది కాదని తెలియాలంటే ఒక ఇక్కత్ చీర ఎన్ని చేతులు మారి చీర అవుతుందో చూడాలి. ఇక్కత్ అంటే గుడ్డ నేసిన తరువాత రంగు అద్దడం కాదు, నేయబోయే దారానికే ముందుగా బొమ్మ ప్రకారం రంగు పట్టించడం. మగ్గం మీద నిలువుగా సాగే దారాన్ని పడుగు అనీ, నాడెతో అడ్డంగా తోసే దారాన్ని పేక అనీ అంటారు. ఈ రెంటిలో ఒకదానికి మాత్రమే బొమ్మ కడితే ఒక పద్ధతి, రెండింటికీ కట్టి నేతలో ఆ రెండు బొమ్మలనూ కలిపితే అంతకంటే ఎంతో కష్టమైన మరో పద్ధతి, పుట్టపాక ఊరి నేతగాళ్లకు పేరు తెచ్చినది ఆ రెండవదే. రంగు అంటకూడని చోట దారపు కట్టలను రబ్బరు పేలికలతో బిగించి కట్టడాన్ని చిటికి కట్టడమంటారు. ఒక రంగు వేసి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, మళ్లీ రంగులో ముంచి, బొమ్మలో ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని సాగవలసిందే. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేతలో బొమ్మ అంచు చెదురుతుంది కనుక మగ్గం ముందు కూర్చున్నవారు పేక పడిన ప్రతిసారీ బొమ్మ కలిసిందో లేదో చూసి, దారాన్ని వేళ్లతో సర్దుకుంటూ పోతారు.

వీటన్నిటికంటే ముందు ఆసు ఉంది. అర్ధచంద్రాకారంలో కొయ్యమేకులు నాటిన చట్రం మీద పేక దారాన్ని అటూ ఇటూ చుట్టుతూ పోవడాన్ని ఆసు పోయడమంటారు; ఎక్కువగా ఇంటి ఆడవారే చేసే ఈ పనిలో ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పిని చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి ఆయన పెట్టుకున్నది తల్లి లక్ష్మి పేరు. తరతరాలుగా ఆసు పోసిన వేలాది స్త్రీలలో తాను చేసిన పనితో కలిపి లోకం పేరు చెప్పుకునే స్త్రీ ఆమె ఒక్కతే కావచ్చు. అదీ ఒక కొడుకు తెలివివల్ల, ఒక యంత్రం మీద, ఒక్క చీర మీద కూడా కాదు.

పేరు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే తెలుగులో పనితనం అనే మాటకు ఉన్న బరువు గమనించాలి. పని చేయడం వేరు, ఆ పనిలో చేసినవారి జాడ నిలవడం వేరు. ఆ జాడనే పనితనం అంటారు. మనిషికి తన పని మీద గర్వం పుట్టేది ఎవరో వేదికమీద పొగిడినందువల్ల కాదు, తాను తీసుకున్న నిర్ణయాలూ దిద్దుకున్న తప్పులూ ఆ వస్తువులో ఉన్నాయని తనకూ ఎదుటివారికీ తెలిసినందువల్ల. మాస్టర్ వీవర్, అంటే నూలూ డిజైనూ తాను ఇచ్చి నేయించుకుని అమ్ముకునే వ్యాపారి, చెప్పినట్టు నేసి, మజూరీ తీసుకున్నవారికి ఆ చీర ఏ ఊరు పోయిందో, ఎంతకు అమ్ముడైందో, ఎవరు కట్టుకున్నారో తెలిసే వీలులేదు. నిదానంగా నేసినదానికీ హడావుడిగా ముగించినదానికీ ఒకే రేటు కడుతున్న చోట పనితనం ఎన్నాళ్లు నిలుస్తుందని ఆశించాలి? పేరుంటే మెప్పుతోపాటు జవాబుదారీ కూడా వస్తుంది. చేసినవారిని పేరుతో తలచుకోవడం మనకు కొత్త కాదు. పాలంపేటలోని గుడిలో కొలువైన దేవుడు రామలింగేశ్వరుడు, 1213 నాటి శాసనం దానిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడని చెబుతుంది. అయినా జనం మాత్రం ఆ గుడిని శిల్పిదని తాము నమ్మిన పేరుతో రామప్ప గుడి అనే పిలుచుకుంటున్నారు. చరిత్రగా అది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ, చేసినవాడి పేరు నిలబెట్టాలన్న జనం మనసు మాత్రం అందులో స్పష్టంగా ఉంది.

అయితే పేరు అన్నం పెట్టదు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో దాదాపు 35 లక్షల మంది నేత, నేత అనుబంధ పనులలో ఉండగా, మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయలకు మించలేదు. ఇటువంటి స్థితిలో కూలి సంగతి దాటవేసి గర్వపడమని చెప్పడం అన్యాయం. పేరుతోపాటు మజూరీ కూడా అచ్చువేయాలని అడగడం ఇందుకే: చీర ధరా, అందులో నేతకు ముట్టినదీ పక్కపక్కన కనబడినప్పుడు ఆ రెండింటి మధ్య దూరానికి ఎవరో ఒకరు సమాధానం చెప్పవలసి వస్తుంది. అలాగే, ఈ కోరిక కులవృత్తి పొగడ్త కూడా కాదు. నేత ఇంట పుట్టిన పిల్లలు చదువుకుని మరో పనిలోకి పోయే స్వేచ్ఛ వారికి ఎంత ముఖ్యమో, ఏ ఇంట పుట్టినవారైనా నేర్చుకుని మగ్గమెక్కగల స్వేచ్ఛ కూడా అంతే ముఖ్యం. తప్పించుకోలేక చేసే పనిని గౌరవమని పిలవడం తగదు.

దీనికి వచ్చే అభ్యంతరాలలో పేర్లు బయటపడితే కొనేవారు నేరుగా నేతగానినే వెతుక్కుంటారన్నది మాస్టర్ వీవర్లకు గట్టిది. అది నిజమే. డిజైను చేయించి, పెట్టుబడి పెట్టి, సరుకు అమ్ముడుకాని నెలల భారం మోసినవారి పేరు కూడా ఈ పేర్లు అచ్చువేసే పట్టీ మీద ఉండవచ్చు, ఉండాలి కూడా. కాని మరొకరి పేరు దాచడం మీదనే నిలిచే వ్యాపారానికి రక్షణ అడిగే హక్కు లేదు. ఇన్ని చేతుల పేర్లు ఎక్కడ పట్టిస్తారన్న ప్రశ్నకు జవాబు సులువు: చిటికి, రంగు, ఆసు, నేత అని నాలుగు వరుసలు చాలు. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ బొమ్మ అచ్చుకొట్టి చేనేత పేరుతో అమ్మేవారు దొంగ పేర్లు కూడా రాయగలరు గాని, ఊరూ సంఘమూ ఉన్న పేరును విచారించి నిగ్గు తేల్చవచ్చు, పేరే లేని సరుకును విచారించే దారి లేదు.

చట్టంలో దీనికి ఆధారం ఇప్పటికే ఉంది. భౌగోళిక గుర్తింపు చట్టం ఆ సరుకు ఉత్పత్తిదారులను అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ ప్రాంతపు పేరును వాడుకునే హక్కు ఉన్నవారిగా, పేరుపేరునా నమోదుచేసుకునే వీలు కల్పించింది. పోచంపల్లి ఇక్కత్‌కు ఈ గుర్తింపు 2004-05లోనే వచ్చింది. ఉప్పాడ, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి నేతలు తరువాత చేరాయి. గుర్తింపు ఊరిదైతే సరిపోదు, ప్రతి మగ్గానికీ చేరాలి కనుక, సంఘాలు తమ సభ్యులందరినీ ఇలా నమోదుచేయించడం మొదటి పని. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుకుంటున్నారు. ఆ దినాన జరిగే సన్మానాలూ శాలువలూ పక్కనపెట్టి, వచ్చే ఆగస్టు 7 నాటికి ప్రతి సంఘం కనీసం ఒక రకం చీరకైనా పేర్ల పట్టీ కుట్టి మార్కెట్టుకు పంపాలి. కొనేవారు దుకాణంలో ఈ చీర నేసింది ఎవరని అడగాలి, జవాబు రాకపోయినా అడగడం మానకూడదు.

పట్టీ కాగితానిది కాకూడదు, చీర విప్పగానే అది చెత్తబుట్టలో పడుతుంది. ఉతికినా చెదరని గుడ్డపట్టీని చీర లోపలి కొంగున కుట్టాలి. నేసినవారి పేరు సంఘపు మజూరీ పుస్తకంలో ఉంటుంది కనుక ఎత్తిరాయడం సులువు. ఆసు పోసినవారూ నాడెలో పెట్టే కండెలు చుట్టినవారూ చిటికి కట్టిన ఇంటి ఆడవారూ ఆ పుస్తకానికి ఎక్కరు, వారి పని మగ్గం యజమాని లెక్కలో కలిసిపోతుంది. సంఘాలు పట్టీలు అచ్చువేయించేముందు ఆ ఇళ్లకు పోయి వారి పేర్లు వేరుగా రాసుకురావాలి.