ప్రతిరూప మర్కటశిశువుల యకాలమరణము

2018 సంవత్సరము జనవరిలో షాంఘై నగరమందలి నాడీశాస్త్ర సంస్థవారు రెండు కోతిపిల్లలను లోకమునకు జూపిరి. ఒక్క గర్భస్థపిండముయొక్క కణములనుండి క్లోనింగను పద్ధతిచే బుట్టిన ప్రతిరూపము లవి. జాంగ్‌జాంగ్, హువాహువా యను నా పిల్లల చిత్రములు పత్రికలన్నిటను వెలసెను. అదే పరిశోధనలో బుట్టి, రెండుదినములైనను నిండక మరణించిన మఱిరెండు పిల్లలను గూర్చి పలికినవా రరుదు. మాకు మొదటి జంట జీవితముకంటె రెండవ జంట మరణమే యెక్కువ బోధకరముగా దోచుచున్నది.

మరణించినవి యీడువచ్చిన కోతి కణములనుండి పుట్టినవి. 181 పిండములను 42 ఆడకోతుల గర్భములందు నిలుపగా 22 చూలు దాల్చినవి. సజీవముగా బుట్టినవి రెండే. ఒకదాని దేహము సరిగా నెదుగలేదు. రెండవదానికి శ్వాస యాడలేదు.

శ్వాస యాగుట మరణమునకు దాపున నున్న హేతువు, మూలము వేఱు. నాటిన నారు వాడినచో బుద్ధిమంతుడైన కర్షకు డాకును నిందింపక నారుమడిని బరీక్షించును. గర్భస్థశిశువునకు నారుమడి మావి.

జీవకణమునకు దన వృత్తి జ్ఞప్తియందుండును. చర్మకణము చర్మకణముగానే యుండుటకు దాని జన్యుపదార్థముపై రసాయనముద్రలు కలవు. అట్టి కణముయొక్క కేంద్రకమును, స్వంత కేంద్రకము తీసివేయబడిన యండమున బెట్టినపుడు, ఆ ముద్రలు స్వల్పకాలములో జెఱగిపోవలెను. కొన్ని చెఱగవు, తల్లివంతు, తండ్రివంతు దెలుపునట్టి చెఱగరాని ముద్రలు కొన్ని చెఱగును. ఈ లోపము మావియందు మిక్కుటము. 2024 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులే ప్రకటించిన పరిశీలనలో, ప్రతిరూపపిండముల మావి యస్వాభావికముగా బెరిగి, సున్నము పేరుకొని యుండెనని తేలినది. అందుచే వారు ప్రతిరూపపిండముయొక్క లోపలి కణములను, శుక్లశోణిత సంయోగమున గలిగిన మఱియొక పిండపు వెలుపలి పొరలో బొదిగిరి. మావి ముఖ్యముగా నాపొరనుండియే పుట్టును. ఇట్లు 2020 జూలైలో జన్మించిన రీసస్ కోతి రెండేండ్లు దాటి జీవించెను. రోగమూల మెచ్చట నున్నదో దీనివలన స్పష్టమగుచున్నది.

అయినను 113 పిండములతో నారంభించిన యా ప్రయత్నమున దక్కినది యొక్క ప్రాణమే! మెదడు వ్యాధులకు మందులు పరీక్షించుటకు నేకరూపమైన కోతులు కావలెనని శాస్త్రజ్ఞుల వాదము. ఆ ప్రయోజనమును మేము తృణీకరింపము. కాని లాభము లెక్కించు చేతితోనే నష్టమును గూడ లెక్కింపవలెను. జారిన గర్భములు, చూలు మోసిన తల్లులు, పుట్టి గిట్టిన పిల్లలు, సర్వమును లెక్కకు రావలెను. షాంఘైవారు తమ యపజయములను దాపకుండుట ప్రశంసనీయము.

ఇక మనుష్యునకును బ్రతిరూపము జేయుదమనువారు కోతి మనకు దగ్గఱి బంధువని మఱువరాదు. కోతిశిశువున కీగతి పట్టుచుండగా, నలువదిరెండుగురిలో నొకతెగా నేతల్లిని నిలుపుదురు? ఏ శిశువు నాయువును బందెమొడ్డుదురు? 2017 నాటి మన జాతీయ మార్గదర్శకములు మానవప్రతిరూప సృష్టిని నిషేధించినవి. ఆ నిషేధ మేకారణముచేతను సడలరాదు.