నాయకుడు గొప్పవాడైతే చాలునా?

తెల్లదొర పోతే ప్రజాస్వామ్యం వచ్చినట్లేనని ఈ హాస్టల్ వరండాలో చదువుకున్నప్పుడు మేము నమ్మాం. పీజీలో ఘనా చరిత్ర చదివాక ఆ నమ్మకం పోయింది.

ఎన్‌క్రుమా 1951లో బ్రిటిష్ వాళ్ళ జైల్లో ఉండగానే ఎన్నిక గెలిచాడు. 1957లో దేశానికి స్వాతంత్ర్యం తెచ్చాడు. అదే మనిషి 1958లో విచారణ లేకుండా ఐదేళ్ళ దాకా నిర్బంధించే చట్టం చేశాడు. 1964లో ఒకే పార్టీని మిగిల్చాడు. స్వాతంత్ర్యం కోసం పోరాడిన డాంక్వా 1965లో నిర్బంధంలోనే చనిపోయాడు. 1966లో సైన్యం ఎన్‌క్రుమాను దించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు తుపాకీదే పెత్తనం.

1992 రాజ్యాంగంతో దారి మారింది. 2001, 2009, 2017, 2025లలో ఓడిన పార్టీ శాంతియుతంగా గద్దె దిగింది.

ఎన్‌క్రుమా దుర్మార్గుడు కాదు. బడులు పెట్టించాడు, అకొసొంబో డ్యామ్ కట్టించాడు. కానీ ఆయన్ను అడిగేవాళ్ళు బయట మిగలలేదు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆయన ఫోటోకు ఏటా దండ వేసిన మేమే, మెస్ కమిటీలో ఉన్నప్పుడు లెక్క అడిగిన తమ్ముణ్ణి కసిరాం. అది మా తప్పు.

తమ్ముళ్ళూ, మీరు లెక్క అడగండి. అడిగినవాణ్ణి కూర్చోబెట్టి చెప్పండి.